వెయ్యమన్నాక వినాలి

మా డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, గుహ చివర ఒక రాతి తలుపు. దాని మీద పాత మంత్రలిపిలో నాలుగు వరుసలు. మా జట్టులో ఆ లిపి చదవగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారంటే అది మాంత్రికురాలే. చిన్నప్పటి నుంచీ గ్రంథాల మధ్యే పెరిగినట్టు ఆ పాత్రకి మూడు పేజీల కథ రాసుకొచ్చింది నా స్నేహితురాలు. "నేను చదువుతాను" అంది. ఆట నడిపేది నేనే కాబట్టి "రోల్ చెయ్" అన్నాను, అంటే డైస్ వెయ్యమని. 4 పడింది. ఆమె చదువుకి వచ్చే 5 కలిపితే 9. కావలసింది 15.

అంతటితో ఆగినా బాగుండేది. "నేనూ ఓసారి చూస్తా" అన్నాడు బార్బేరియన్ ఆడేవాడు. వాడి పాత్రకి గొడ్డలి తిప్పడం తప్ప ఇంకేమీ రాదు. తెలివికి మైనస్ 1. సరదాగా ఉంటుందని సరే అన్నాను. 18 పడింది. ఒకటి తీసేసినా 17. తలుపు తెరుచుకుంది. "ఇది మా అమ్మమ్మ చేతిరాతలా ఉందే" అన్నాడు గొంతు బొంగురుగా పెట్టి. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె మాత్రం క్యారెక్టర్ షీట్ మూలన పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ కూర్చుంది.

ఆ రాత్రి నాకు డైస్ మీద కోపం వచ్చింది. ఇప్పుడు డైస్ మీద కోపం లేదు, నా మీదే ఉంది. అది ఇటు ఎలా మళ్ళిందో చెప్పాలంటే కొంచెం లెక్కల్లోకి దిగాలి. భయపడకండి, కూడికలూ గుణకారాలూ చాలు.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఎప్పుడూ ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒకరు డంజియన్ మాస్టర్, అంటే డీఎం. లోకం, రాక్షసులు, తలుపులు అన్నీ ఆయన చేతిలో ఉంటాయి. మిగతావాళ్ళు ఒక్కో పాత్ర ఆడతారు, ఏం చేస్తున్నారో నోటితో చెప్తారు. జరుగుతుందో లేదో అనుమానంగా ఉన్నప్పుడు 20 ముఖాల డైస్ వేసి, పడిన అంకెకి ఆ పాత్ర నేర్పుని కలిపి, డీఎం పెట్టిన గురితో పోల్చాలి. గురిని అందుకుంటే అయినట్టు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ పుస్తకం ప్రకారం తేలిక పనికి గురి 10, మామూలు పనికి 15, కష్టమైనదానికి 20, దాదాపు అసాధ్యమైతే 30.

20 ముఖాల డైస్‌లో ముఖ్యమైన గుణం ఏమిటంటే దానికి ఏ అంకె మీదా ప్రత్యేకమైన ప్రేమ లేదు. 1 పడే అవకాశం ఎంతో 10 పడే అవకాశమూ అంతే, 20కీ అంతే. ఒక్కో ముఖానికి 5 శాతం. అందుకే నేర్పులో ఒక్క పాయింటు పెరిగితే గెలుపు అవకాశం 5 శాతం పెరుగుతుంది. లెక్క హాయిగా ఉంటుంది, కాగితం అక్కర్లేదు. కానీ ఇంకో వైపు చూడండి. మొదటి లెవెల్ మాంత్రికురాలికి తెలివి 16 ఉంటే దానికి 3, చదువుకున్న విద్య కాబట్టి ఇంకో 2, మొత్తం 5. ఆ చదువు తాలూకు 2 పెరిగి పెరిగి 6 అయ్యేది 17వ లెవెల్‌కి. అక్కడికి చేరడానికి ఏళ్ళు పడుతుంది, చాలా ఆటలు మధ్యలోనే ఆగిపోతాయి. ఇంతా కష్టపడి సంపాదించిన నేర్పు ఒక వైపు, 1 నుంచి 20 దాకా ఎగిరిపడే డైస్ ఇంకో వైపు. ఎవరిది పైచెయ్యో చెప్పక్కర్లేదు.

మా తలుపు లెక్కే వేద్దాం. ఆమెకి 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. అంటే 55 శాతం. గొడ్డలివాడికి 16 గానీ ఆ పైన గానీ పడాలి, 25 శాతం. ఆమె తప్పి వాడు నెగ్గే అవకాశం ఈ రెండు లెక్కల నుంచి 11.25 శాతం. తొమ్మిదిసార్లలో దాదాపు ఒకసారి పండితురాలు తెల్లమొహం వేస్తుంది, మోటువాడు చదివేస్తాడు. అరుదైన వింత అనుకున్నాను గానీ ఇది రోజూ జరిగేదే.

ఇంకా ఘోరం ఉంది. జట్టులో మిగిలిన నలుగురికీ ఆ విద్య రాదనుకుందాం, అందరికీ మైనస్ 1. "మేమూ చూస్తాం" అని నలుగురూ వేశారు. వాళ్ళలో కనీసం ఒకరు నెగ్గే అవకాశం 68 శాతం. ఆమె ఒక్కదానికి 55, నలుగురు మొద్దులకి కలిపి 68! ఈ అంకె చూశాక పెన్ను కింద పెట్టేశాను. జీవితమంతా చదివిన దానికంటే గుంపుగా ఎగబడటమే మేలని నా బల్ల దగ్గర నేనే రూలు పెట్టానన్నమాట.

ఇక్కడ చాలామంది డైస్‌నే మార్చేద్దాం అంటారు. నేనూ అన్నాను. 20 ముఖాలది ఒకటి బదులు మామూలు 6 ముఖాలవి మూడు వేస్తే అంకెలన్నీ మధ్యలో గుమిగూడతాయి. మొత్తం 216 రకాలుగా పడొచ్చు, అందులో 18 వచ్చేది ఒక్కటంటే ఒక్క రకంగా. 10 వచ్చేవి 27. అదే తలుపు, అవే అంకెలు, మూడు డైస్‌తో వేస్తే ఆమె అవకాశం 62.5 శాతానికి పెరుగుతుంది, గొడ్డలివాడిది 5 శాతం లోపుకి పడిపోతుంది. న్యాయంగా ఉంది. 1986లో వచ్చిన గర్ప్స్ ఆట ఇలా మూడు డైస్ మీదే నడుస్తుంది, దాన్ని ఇష్టపడేవాళ్ళు ఈ న్యాయం కోసమే ఇష్టపడతారు.

కొన్నాళ్ళు అలా ఆడి చూశాం. తలుపులు బాగున్నాయి, యుద్ధాలు చప్పబడ్డాయి. కత్తి తగిలేవాడికి దాదాపు ప్రతిసారీ తగులుతోంది, తగలనివాడికి ఎప్పుడూ తగలడం లేదు. ఊపిరి బిగబట్టే క్షణమే లేదు. అప్పుడు అర్థమైంది, యుద్ధంలో 20 ముఖాల డైస్ ఎందుకు అంత బాగుంటుందో. అక్కడ ఒక్కరే పది పన్నెండు సార్లు వేస్తారు. ఒక దెబ్బ గురి తప్పితే యోధుడి పరువేమీ పోదు, తర్వాతి దెబ్బ ఉంది. ఒక్కో రోల్ ఎంత పిచ్చిగా ఎగిరినా, యుద్ధం ముగిసేసరికి నేర్పున్నవాడి నేర్పు తెలుస్తూనే ఉంటుంది. తలుపు దగ్గర అలా కాదు. మూడు పేజీల కథ మొత్తం ఒక్క రోల్‌కి వేలాడింది.

డైస్ రెండు చోట్లా అదే. దాని మీద ఎంత బరువు వేలాడదీశామన్నదే తేడా. ఆ బరువు వేలాడదీసింది నేను.

(గొడ్డలి సంగతి వచ్చింది కాబట్టి ఒక పక్క మాట. మావాడి పెద్ద గొడ్డలికి దెబ్బ 12 ముఖాల డైస్ ఒకటి, సగటు 6.5. పెద్ద కత్తికైతే 6 ముఖాలవి రెండు, సగటు 7. కత్తి పట్టుకోరా అని ఎంత చెప్పినా వినడు. కత్తితో 12 పడేది 36 సార్లలో ఒకసారి, గొడ్డలితో 12 సార్లలో ఒకసారి. వాడికి సగటుతో పనిలేదు, ఆ 12తోనే పని. లెక్క వాడికీ తెలుసు, మనిషే అంత.)

నిజానికి ఈ ఆట తయారుచేసినవాళ్ళకి ఈ గొడవ ఎప్పుడో తెలుసు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో ఒక పద్ధతి ఉండేది. తొందర, ప్రమాదం లేనప్పుడు డైస్ వెయ్యకుండానే 10 పడ్డట్టు లెక్కేసుకోవచ్చు. తప్పినా నష్టం లేని పని అయితే, ఇరవై రెట్ల సమయం తీసుకుని ఏకంగా 20 పడ్డట్టే అనుకోవచ్చు. అందులో ఎంత తెలివి ఉందో చూడండి. తాళం ముందు గంటసేపు కూర్చుని ప్రయత్నించేవాడు ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు 20 వేస్తాడు. మరి బల్ల దగ్గర అందరూ ఆవలిస్తూ ఆ ఇరవై రోల్స్ చూడటం ఎందుకు?

అయినా మనం వేయిస్తూనే ఉంటాం. గోడ ఎక్కాలంటే రోల్, ఉత్తరం చదవాలంటే రోల్, గుర్రం మీద జీను వెయ్యాలంటే రోల్. డీఎంకి ఏం చెప్పాలో వెంటనే తోచనప్పుడు నోటికొచ్చే మొదటి మాట "రోల్ చెయ్". టైమ్ దొరుకుతుంది కదా. నేను వేయించిన రోల్స్‌లో సగానికి సగం ఇవే. పడిన అంకె నాకు నచ్చితే "అయింది" అనేవాణ్ణి, నచ్చకపోతే "సరే, కాసేపు కష్టపడ్డాక అయింది" అనేవాణ్ణి. అంటే ఎలాగైనా అయ్యేదే. మరి అడిగిందెందుకు?

ఇప్పుడు రోల్ అడిగే ముందు ఒకటే చూసుకుంటున్నాను. ఇది తప్పితే ఏం జరుగుతుంది? జవాబు "ఏమీ జరగదు, మళ్ళీ ప్రయత్నిస్తారు" అయితే వేయించను. "కథ ఇక్కడే ఆగిపోతుంది" అయితే అసలే వేయించను. ఎవరూ లేని గదిలో పెట్టె తాళం తీస్తున్న దొంగకి తాళం వచ్చేస్తుంది, అంతే. అదే తాళం, మెట్ల మీద కాపలావాడి అడుగులు వినిపిస్తుంటే, అప్పుడు డైస్ చేతికిస్తాను. ఆ రోల్ అడిగేది తాళం వస్తుందా రాదా అని కాదు, వాడు తలుపు దాకా వచ్చేలోపు వస్తుందా రాదా అని.

ఇదే తలుపు మళ్ళీ వస్తే? మాంత్రికురాలు చదువుతుంది. రోల్ లేదు. ఆమె చదివింది, ఏం రాసుందో చెప్పాను. ఆ తర్వాత, ఆ వరుసల్లో దాగిన శాపం మీద పడకముందే గమనించిందా లేదా, దానికి రోల్. గొడ్డలివాడికి ఆ రోల్ దక్కదు, అక్షరాలు రావు కాబట్టి. ఇలా అయితే ఆమె 4 వేసినా పండితురాలిగానే ఉంటుంది, ఒళ్ళు కాలిన పండితురాలు.

కొన్ని ఆటలు ఈ ఆలోచనని డైస్‌లోనే పెట్టేశాయి. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్‌లో 6 ముఖాలవి రెండు వేస్తారు. 10 గానీ ఆ పైన గానీ పడితే పూర్తిగా అయినట్టు. 7 నుంచి 9 అయితే పని అవుతుంది గానీ ఏదో ఒకటి వదులుకోవాలి. 6 గానీ తక్కువ గానీ అయితే ఆట నడిపేవాడి వంతు. ఏమీ కలపకుండా లెక్కేస్తే ఆ మధ్య ముక్కకి 36లో 15 అవకాశాలున్నాయి. అవును, కాదు అనే రెండు జవాబుల మధ్య "అవును, కానీ" అని మూడోది. ఆ "కానీ" తర్వాత ఏం చెప్పాలో డీఎం ముందే ఆలోచించుకోక తప్పదు. నాలాంటి బద్ధకస్తులకి మంచి మందు.

సరే, ఇక నేను చెప్పడానికి ఇష్టపడని భాగం.

ఆ తలుపు దాటిన రెండు వారాలకి జట్టుకి ఒక ఓగర్ ఎదురైంది. ఏనుగులాంటి మనిషి, చేతిలో చెట్టు మొద్దు. మాంత్రికురాలికి మొత్తం హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బ తట్టుకోగలదో ఆ లెక్క, 8. నేను నా ముందు నిలబెట్టుకున్న అట్ట స్క్రీన్ వెనక ఓగర్ తరఫున డైస్ వేశాను. 20. దాడిలో 20 పడితే క్రిట్, దెబ్బ డైస్ రెట్టింపు. ఓగర్‌కి 8 ముఖాలవి రెండు కాస్తా నాలుగవుతాయి, పైన ఇంకో 4. సగటున 22. ఆమెకి 16 తగిలితే చాలు, స్పృహ తప్పడం కూడా ఉండదు, అక్కడికక్కడే చావు. మూడు పేజీల కథ గుర్తొచ్చింది. షీట్ మూలన పెన్సిల్ గీతలు గుర్తొచ్చాయి. "3 పడింది, తగల్లేదు" అన్నాను.

ఆమె ఊపిరి పీల్చుకుంది. నా పక్కన కూర్చున్న గొడ్డలివాడు స్క్రీన్ అంచు మీదుగా ఆ డైస్ చూశాడు. ఏమీ అనలేదు. వాడు అననందుకే నాకు ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

నెల తర్వాత వాళ్ళు చాలా పెద్ద యుద్ధం గెలిచారు. చివరి దెబ్బ ఆమెదే. అరుపులు, కేకలు, బల్ల మీద చప్పుళ్ళు. అంతా సద్దుమణిగాక ఆమె నా వైపు తిరిగి, నవ్వుతూనే అడిగింది: "ఇది మేం గెలిచామా, నువ్వు గెలిపించావా?"

నిజంగా వాళ్ళే గెలిచారు. ఆ రోజు ఒక్క అంకె కూడా మార్చలేదు. కానీ ఆ మాట నిరూపించుకునే దారి నాకు మిగల్లేదు. ఒకసారి నేను దాచిన 20, ఆ తర్వాత వాళ్ళు వేసిన ప్రతి 20నీ తినేసింది.

తెలుగులో ఎత్తు ఫలిస్తే "పాచిక పారింది" అంటాం. అదృష్టం కలిసొచ్చిందని కాదు, వేసినవాడు అనుకున్నట్టు జరిగిందని. అనుకున్నట్టు పడే పాచికలు ఎవరి దగ్గర ఉండేవో వేరే చెప్పక్కర్లేదు. స్క్రీన్ వెనక నేను చేసింది శకుని పనే. కాకపోతే ఎదుటివాళ్ళని గెలిపించడానికి చేశాను. అయినా జూదం జూదం కాకుండా పోయింది.

దీన్ని సమర్థించేవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళ వాదనని తీసిపారేయను. డీఎం కథ చెప్పేవాడు, లెక్కలు కట్టే గుమాస్తా కాదు, ఒక పిచ్చి 20 నెలల కథని తుంచేస్తుంటే ఆపాల్సిన బాధ్యత అతనిదే అంటారు. బాధ్యత ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ అది డైస్ వెయ్యకముందు. ఆమె చావు నేను భరించలేనప్పుడు ఓగర్ మొద్దు ఎత్తకుండా ఉండాల్సింది. ఆమెని ఎత్తి సంచిలో వేసుకుని పరుగెత్తి ఉండొచ్చు, ఓగర్లకి అదేమీ కొత్త కాదు. లేదా ఆట మొదట్లోనే "ఈ కథలో మనుషులు చావరు, పట్టుబడతారు" అని అందరం అనుకుని ఉండొచ్చు. ఇవన్నీ చేతిలో పెట్టుకుని, డైస్‌ని అడిగి, అది చెప్పాక "నిన్ను కాదులే" అన్నాను. అవసరం లేని తలుపుకి రోల్ అడగడం, కావాలని అడిగిన రోల్ దాచడం, ఈ రెండూ వేరు వేరు తప్పులని చాలాకాలం అనుకున్నాను. రెంటిలోనూ జరిగింది ఒకటే. దాని జవాబుతో నాకు పనిలేకపోయినా అడిగాను.

ఆ వారమే స్క్రీన్ మడిచి పుస్తకాల వెనక పెట్టేశాను. ఇప్పుడు గురి ముందే చెప్తాను, "15 కావాలి, తప్పితే తాడు తెగుతుంది" అని. డైస్ బల్ల మధ్యలో పడుతుంది, అందరూ చూస్తారు. ఒక్క ఇబ్బంది ఉంది, అది నిజమైన ఇబ్బందే. ఉచ్చుల కోసం వెతికేవాడు తనకి 2 పడటం చూస్తే, "ఏమీ లేదు" అని నేనన్నా నమ్మడు. అలాంటి చోట్ల ఐదో ఎడిషన్‌లోనే ఉన్న పాసివ్ లెక్క వాడతాను, నేర్పుకి 10 కలిపి, డైస్ లేకుండా. దాచిపెట్టే రోల్ కంటే అసలు లేని రోల్ నయం.

బహిరంగంగా వెయ్యడం మొదలెట్టాక డైస్ మీదే అనుమానాలు మొదలయ్యాయి. నా ఎర్ర డైస్‌కి 20లు ఎక్కువ పడుతున్నాయని గొడ్డలివాడి ఫిర్యాదు. గ్లాసు నీళ్ళలో అది తేలేదాకా ఉప్పు కలిపాం. తేలుతున్న డైస్‌ని వేలితో తిప్పి వదిలితే, లోపల గాలిబుడగ ఉన్నట్టయితే అదే వైపు మళ్ళీ మళ్ళీ పైకొస్తుంది. మాది ఎటు పడితే అటు తిరిగింది. వాడు ఇప్పటికీ నమ్మడు. వీటి చరిత్ర కూడా ఇలాగే మొండిది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట తెచ్చిన కొత్తలో దొరికే 20 ముఖాల డైస్ మీద 0 నుంచి 9 దాకా అంకెలే రెండేసిసార్లు ఉండేవి. సగం ముఖాల గీతల్లో ఒక రంగు క్రేయాన్, మిగతా సగంలో ఇంకో రంగు రుద్ది, ఒక రంగుకి 10 కలుపుకునేవాళ్ళు. ఇంకా వెనక్కి వెళ్తే, గ్రీకు అక్షరాలు చెక్కిన 20 ముఖాల రాతి డైస్ ఈజిప్టు నుంచి వచ్చి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి మీద ఎవరు ఎవరిని అనుమానించారో!

మొన్న మళ్ళీ ఓగరే వచ్చింది. మాంత్రికురాలు ఇప్పుడు నాలుగో లెవెల్. కింద పడింది. మిగతావాళ్ళు వంతెనకి అవతల ఉన్నారు, అందేంత దూరంలో లేరు. సున్నా హిట్ పాయింట్ల దగ్గర ప్రతి వంతుకీ ఒక రోల్. 10 గానీ ఆ పైన గానీ పడితే మంచి గీత, లోపు పడితే చెడ్డ గీత. మంచివి ముందు మూడైతే బతుకు, చెడ్డవి ముందు మూడైతే చావు. ఆమె షీట్ మీద రెండు మంచివి, రెండు చెడ్డవి ఉన్నాయి.

వేసింది. డైస్ దొర్లి దొర్లి రూల్స్ పుస్తకం అంచుకి ఆనుకుని వాలిపోయింది. ఏ ముఖం పైనుందో తేలడం లేదు. "17 లాగే ఉంది" అన్నాడు గొడ్డలివాడు, మెడ పక్కకి వంచి. ఎవరూ కాదనలేదు. ఆమె ఒక్క క్షణం చూసింది. "వాలింది. మళ్ళీ వేస్తా" అని చేతిలోకి తీసుకుంది.

9.

అందరూ డైస్ వైపే చూస్తున్నారు. నా వైపు ఎవరూ చూడలేదు. ఆమె మూడో గీత గీసి, షీట్ నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దోపింది. తర్వాత చెయ్యి చాచి, కొత్త షీట్ ఒకటి ఇమ్మంది.

"ఈసారి గొడ్డలి. తెలివి మైనస్ 1 వెయ్యి" అంది. "రాతి తలుపులు చదవాలిగా."